పందిపిల్లలకు ముఱ్ఱుపాలు

ఆవు గాని గేదె గాని ఈనిన యింట జున్నునకై ఎదురుచూడని వారుండరు. బెల్లమును మిరియములును చేర్చి ఆవిరిపై ఉడికించి ఇరుగుపొరుగులకు గిన్నెలతో పంచుదురు. ఆ చిక్కని పసుపువన్నె పాలు ఎందులకు పుట్టినవో, నాలుగు దినములు గడచునప్పటికి ఎందులకు మాయమైనవో విచారించువారు మాత్రము అరుదు. పంది విషయమున ఈ విచారణ బొత్తిగా లేదు. పందిపాలను మనము పితుకము, త్రాగము. కావున అవి మన కంటబడవు. కాని పందులను పెంచి జీవించు సభ్యునకు, అందును సంఘమునుండి అప్పు తీసి తల్లిపందిని కొనిన సభ్యునకు, ఆ ఈత లాభమగునో నష్టమగునో తేల్చునవి కంటబడని ఆ పాలే. అందును మొదటి ఒక్క దినపు పాలు.

పంది యొక ఈతలో 8 గాని 10 గాని 12 గాని పిల్లలను పెట్టును. వారము తిరుగునప్పటికి వానిలో రెండో మూడో కానరావు. అడిగినచో "తల్లి మీద పడుకొని నలిపేసింది" అందురు. లేదా "పుట్టుకతోనే నీరసం" అందురు. తల్లి క్రింద పడి నలుగుట అబద్ధము కాదు. అయితే కడుపు నిండిన పిల్ల తల్లి నడుము వాల్చునపుడు ప్రక్కకు తప్పుకొనును. ఆకలితోను చలితోను ఉన్న పిల్లకు తప్పుకొను సత్తువ ఉండదు; తల్లి వెచ్చదనమును విడువలేక పొదుగునే అంటిపెట్టుకొని యుండును. కనుక నలిగి చచ్చినవని మనము లెక్క వ్రాసికొను పిల్లలలో అనేకములు నిజమునకు పాలు చాలక చచ్చినవే. అన్ని దేశముల పంది పెంపకపు శాస్త్రజ్ఞులును ఇదియే చెప్పుచున్నారు. మేము పాకలలో చూచినదియు దీనికి భిన్నముగా లేదు.

పందిపిల్ల రెండు కొఱతలతో పుట్టును. మొదటిది కట్టెల కొఱత, అనగా ఒంటికి వేడి నిచ్చు సరకు లేకపోవుట. అప్పుడే పుట్టిన పిల్ల దేహములో క్రొవ్వు నూటికి 1 లేక 2 పాళ్లకు మించదు. పైన వెండ్రుకలు పలుచన. తల్లి గర్భమున సుమారు 39 డిగ్రీల వెచ్చదనములో ఉన్నది కాస్తా తడి దేహముతో ఒక్కసారిగా బయటి గాలిలో పడును. దానికి చలి తెలియకుండ ఉండవలెనన్న చుట్టునున్న గాలి సుమారు 34 డిగ్రీల సెంటిగ్రేడు ఉండవలయును. మన వేసవి మధ్యాహ్నములలో తప్ప అట్టి వేడిమి ఎక్కడిది? మార్గశిర పుష్య మాసముల రాత్రులలో పుట్టిన పిల్లల పాటు చెప్పనక్కఱ లేదు. కాలేయమునందును కండలయందును దాచియున్న కొద్దిపాటి చక్కెర సరకు ఒక దినములో తీఱిపోవును. ఆ లోపల పాలు పడవలయును.

రెండవ కొఱత ఇంతకంటె పెద్దది. జబ్బులతో పోరాడుటకు ప్రాణుల రక్తములో కొన్ని పదార్థములుండును. వైద్యులు వానిని ప్రతిరక్షకములందురు, మనము రక్షకములందము. మనుష్యజాతిలో తల్లి రక్తమునందలి రక్షకములు మావి గుండ శిశువునకు గర్భమునందే చేరును. పందికి అట్లు జరుగదు. పంది మావి గర్భసంచి గోడను ఆనుకొని యుండునే కాని దానిలోనికి చొచ్చుకొని పోదు. తల్లి రక్తమునకును పిల్ల రక్తమునకును నడుమ ఆఱు పొరలు అడ్డమై నిలుచును. ఆహారము చొచ్చి పోవును గాని రక్షకములు పోలేవు. కావున పందిపిల్ల పుట్టునపుడు దాని రక్తమున రక్షకములు దాదాపు లేవనియే చెప్పవచ్చును. పేడ, బురద, మూత్రము కలిసిన పాకలో, కోట్లకొలది సూక్ష్మక్రిముల నడుమ, అది కత్తియు డాలును లేని బంటువలె దిగుచున్నది.

పాలగుండ రక్ష సంక్రమించునను మాట మొదట రుజువైన కథ మన రైతులకు వినసొంపుగా నుండును, ఏలయన అందులోని విషములు మన చేలగట్లమీదివే. 1892లో జర్మనీ దేశమున పాల్ ఎర్లిక్ అను వైద్యుడు ఎలుకలకు ఆముదపు గింజలోని విషమును, గురివింద గింజలోని విషమును కొంచెము కొంచెముగా అలవాటు చేసెను. (గురివిందను కంసాలులు తూకమునకు వాడుటయు, దుర్మార్గులు ఇతరుల పశువులను చంపుటకు వాడుటయు మన పెద్దలెఱిగినదే.) కొంతకాలమునకు ఆ ఎలుకలు మామూలు ఎలుకలను చంపు మోతాదునకు కూడ చావవయ్యెను. అప్పుడాయన తల్లులను మార్చెను: అలవాటు లేని తల్లి కన్న పిల్లలను అలవాటు పడిన తల్లి పాలమీద పెంచెను. ఆ పిల్లలు విషమునకు తట్టుకొన్నవి. రక్ష పాలలో వచ్చినదని తేటపడెను. పిమ్మట 1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను ఇరువురు ఆవుదూడలలో కొన్నిటికి ముఱ్ఱుపాలు లేకుండ చేసి చూచిరి. పాలు దక్కినవి నిలిచినవి. దక్కనివానిలో పెక్కు కొలదిదినములలోనే చచ్చినవి. పంది విషయమును ఈ త్రోవనే తఱువాతివారు శోధించిరి.

ఇక తల్లి ఈ పాలను ఎట్లు సమకూర్చుకొనునో చూతము. పంది చూలు సుమారు 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములు అని సీమ రైతులు గుర్తు పెట్టుకొందురు. కడపటి నెలలో పొదుగు పెరుగును. పొదుగు లోపల ద్రాక్షగుత్తులవలె కంటికానని తిత్తులు వేలకొలది కలవు. ఆ తిత్తుల గోడలలోని కణములు తల్లి రక్తమునుండి రక్షకములను ఏఱి ఏఱి లోనికి చేర్చుకొనును. దీనిని గుడ్డలో నీళ్లు వడగట్టినట్లు తలపరాదు. వడగట్టినయెడల రక్తములో ఉన్న చిక్కదనము కంటె పాలలో ఎక్కువ ఉండుటకు వీలులేదు. కాని ముఱ్ఱుపాలలో ముఖ్యమైన రక్షకము తల్లి రక్తములోకంటె రెండుమూడు రెట్లు చిక్కగా నుండును. అనగా తల్లి తన రక్తపు ధనమును పొదుగులో కూడబెట్టుచున్నదన్నమాట. ఈ కూడబెట్టుట పిల్లలు పుట్టకముందే చాలవరకు ముగియును.

చూలు నిలిచియున్నంతకాలము ప్రొజెస్టెరోను అను హార్మోను పాలధారను పట్టి నిలిపియుండును. ఈనుటకు ముందు దినమున అది చప్పున దిగిపోవును. ప్రొలాక్టిను అను వేఱొక హార్మోను పెరుగును. పొదుగు బిగిసి చన్నులను నొక్కినచో చిక్కని చుక్క వచ్చును. చన్నునుండి ధారగా పాలు వచ్చిన పంది ఇక ఒక దినములోపల, తఱచుగా అంతకు చాల ముందే, ఈనును. ఆ రాత్రి పాకవద్ద మనిషి ఉండవలయును.

నొప్పులు తెప్పించు ఆక్సిటోసిను అను హార్మోనే తిత్తులను పిండి పాలను బయటికి త్రోయును. అందుచేత పంది ఈనుచున్నంతసేపు ఏ చన్ను పట్టినను ముఱ్ఱుపాలు ఎడతెగక దొరకును. ఈనుట ముగిసిన కొన్ని గంటలకు ఈ సౌకర్యము పోవును. ఆవు పొదుగున పాలు నిలువయుండు గది కలదు. పందికి అట్టి గది లేదనదగును. అటుపై పిల్లలు మూతులతో పొదుగును కుమ్మి మర్దించవలెను. తల్లి ఒక విధమైన గురగుర శబ్దముతో పిలువవలెను. ఆ గురక వేగమైన పిమ్మట పాలు దిగును. దిగియుండునది 10 మొదలు 20 సెకండ్లు మాత్రమే. మరల ముప్పావు గంటకో గంటకో గాని పాలు లేవు. ఆ 20 సెకండ్లలో చన్ను దొరకని పిల్లకు ఆ పూట పస్తే.

ముఱ్ఱుపాలలో మాంసకృత్తులు నూటికి సుమారు 15 పాళ్లు. వారము తఱువాతి పాలలో 5 లేక 6 పాళ్లు. క్రొవ్వు మాత్రము తొలుత తక్కువ, తఱువాత ఎక్కువ. తొలి పాలలోని మాంసకృత్తులలో అధికభాగము ఈ రక్షకములే. వీనిని పిల్ల కడుపులోని జీర్ణరసము తినివేయకుండ ఆపు పదార్థమును కూడ తల్లి ఆ పాలలోనే చేర్చి పంపును. ఇట్టి అమరిక చూచునపుడు మాకు సృష్టికర్తయందు భక్తి కలుగకుండుట కష్టము.

అయితే ఈ నిధికి రెండు తలుపులున్నవి. రెండును త్వరగా మూతపడును. మొదటి తలుపు పొదుగునందున్నది. మొదటి పిల్ల పుట్టిన సుమారు 12 గంటలకు పాలలోని రక్షకముల చిక్కదనము సగమునకో అంతకు తక్కువకో దిగును. దినము తిరుగునప్పటికి మిగులునది కొద్ది భాగము. రెండవ తలుపు పిల్ల ప్రేవులందున్నది. పుట్టిన క్రొత్తలో ఆ ప్రేవులు రక్షకములను ముక్కలు కాకుండ రక్తములోనికి పీల్చుకొనగలవు. 24 మొదలు 36 గంటలలో ఆ శక్తి పోవును. ఏ ఆహారము పడినను ఈ తలుపు మూసికొనుట త్వరపడును. కావున నీరసముగా నున్నదని జాలిపడి మొదటనే పిల్లనోట చక్కెర నీళ్లో మేకపాలో పోయుట మేలు చేయబోయి కీడు చేయుటయే. మొదట పడవలసినది ముఱ్ఱుపాలు.

ఎన్ని పాలుండును? సీమజాతి పంది మొదటి 24 గంటలలో సుమారు మూడున్నర కిలోల ముఱ్ఱుపాలనిచ్చును; కొన్ని ఒకటిన్నర కిలోయే యిచ్చును, కొన్ని ఐదు కిలోలకు మించి యిచ్చును. ఇందు రైతు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. తఱువాతి పాలు పిల్లల సంఖ్యనుబట్టి పెరుగును: పది మూతులు గుంజినచో ఆఱు మూతులు గుంజినదానికంటె ఎక్కువ ఊఱును. ముఱ్ఱుపాలు అట్లు పెరుగవు. పిల్లలు ఎనిమిదియైనను పదునాలుగైనను కుండ ఒక్కటే. ఒక్కొక్క పిల్లకు కనీసము 200 గ్రాములు, నిబ్బరముగా నుండవలెనన్న 250 గ్రాములు కావలెను. మూడున్నర కిలోలను పదింటికి పంచినచో తలకు 350 గ్రాములు. పదునాలుగింటికి పంచినచో 250. తల్లి ఒకటిన్నర కిలోల దైనయెడల ఏడింటికి మించి చాలదు. పైగా ఇవి సమముగా పంచుకొనవు. ముందు పుట్టినవి, బలమైనవి, ముందటి చన్నులను పట్టుకొని కడుపారా త్రాగును. ఈనుట మూడు నాలుగు గంటలు సాగినచో కడపట పుట్టిన చిన్నదానికి మిగులునది వెనుకటి చన్నులును, పలుచనైన పాలును.

దీనినిబట్టి మా సభ్యులలో కొందఱు "నా పంది పదమూడు పెట్టింది" అని చెప్పుకొను గొప్పకు మేము తలయూపజాలము. పుట్టినవానిని గాక పాలు మఱచి సంతకు పోయినవానిని లెక్కపెట్టవలెను. దేశవాళి పంది పిల్లలను తక్కువగా పెట్టును, ఉన్నవానిని బాగుగా సాకును. సీమపంది ఎక్కువ పెట్టును, ఎక్కువ కనిపెట్టుకొనుటయు అడుగును. తిరుపతి పంది పరిశోధన కేంద్రములో యార్క్‌షైరు జాతిని దేశవాళితో కలిపి సంకరజాతిని వృద్ధి చేసిరి. అట్టి సంకరపందులను తెచ్చుకొనువారు పాకతోపాటు ఈనురాత్రి జాగరణకును సిద్ధపడవలయును.

గత శీతకాలమున మేము ఒక సభ్యుని పాకయొద్ద అట్టి రాత్రి నొకదానిని గడపితిమి. పంది రెండవ ఈత. ఏడు పిల్లలు పుట్టియున్నవి. ఇంటి ముసలామె వానిని తట్టలో పెట్టి గోనె కప్పి కూర్చుండెను. పొదుగునకు చేర్చుమంటిమి. "మావి పడకముందే పాలిస్తే మావి లోపలే ఉండిపోతుంది బాబూ, మా అత్త కాలం నుంచీ ఇంతే" అనెను. "అవ్వా, పిల్ల చన్ను గుంజితేనే నొప్పులు బాగా వస్తాయి, మావి తొందరగా పడుతుంది. ఒక్క గంట చూడు" అంటిమి. ఆమె ఒప్పుకొనలేదు, కొడుకు ఒప్పుకొనెను. పిల్లలను చేర్చిన పిమ్మట మఱి నాలుగు పుట్టినవి, తెల్లవాఱకముందే మావియు పడినది. పదునొకండింటిలో కడపటిది మిక్కిలి చిన్నది, అది దక్కలేదు. తక్కిన పదియు పాలు మఱచువఱకు నిలిచినవని సభ్యుడు తఱువాత తెలియజేసెను. ఆవులయందును గేదెలయందును ఇదే ఆచారము పలు గ్రామములలో కలదు. చన్ను గుంజుటచేత ఆక్సిటోసిను ఊఱును, అది గర్భసంచిని ముడిచి మావిని త్రోయును. కావున ఈ ఆచారము దూడకు పాలను, తల్లికి సాయమును రెంటిని తప్పించుచున్నది. పెద్దల మాటలలో మేలైనవి వేలు కలవు. ఇది వానిలోనిది కాదు.

ఆ రాత్రి చేయవలసిన పని పెద్దది కాదు, ఓపిక మాత్రము కావలెను. పుట్టిన పిల్లను పొడి గుడ్డతో గాని ఎండుగడ్డితో గాని తుడిచి, ముక్కు నోరు శుభ్రపఱచి, వెంటనే చన్నునకు చేర్చుడు. చిన్నదానిని ముందటి చన్నుకు చేర్చుడు. పొదుగును ముందే గోరువెచ్చని నీటితో కడిగియుంచుడు. ముందు పుట్టిన నాలుగైదు బలమైన పిల్లలు త్రాగి కడుపులు గుండ్రనైన పిమ్మట వీపున సున్నపుబొట్టు పెట్టి, అడుగున వరిగడ్డి పఱచిన వెదురుతట్టలో గంటసేపు వెచ్చగా ఉంచుడు. ఆ గంట చిన్నవానిది. తఱువాత మఱల అన్నిటిని చేర్చవచ్చును. మొదటి దినమున ఇట్లు రెండుమాఱులు చేసినచో చాలును. కొందఱు వేడికై పాకలో నిప్పుకుంపటి పెట్టుదురు. గడ్డి ఉన్నచోట ఆ సాహసము వలదు. విద్యుద్దీపము ఉన్నవారు దానిని పిల్లలకు అందనంత ఎత్తున వ్రేలాడగట్టవచ్చును.

ఒకే రాత్రి రెండు పందులు ఈనినపుడు ఎక్కువగా నున్న పిల్లలను రెండవదానికి అంటగట్టుట మంచి పద్ధతియే. కాని ఆఱు గంటలైనను, వీలైనచో పండ్రెండు గంటలును, స్వంత తల్లి పాలు త్రాగిన తఱువాతనే మార్చవలెను. ముఱ్ఱుపాలలో రక్షకములేగాక తల్లి రక్తమునందలి సజీవమైన తెల్లకణములును ఉన్నవి. పిల్ల ప్రేవులు స్వంత తల్లి కణములనే చేర్చుకొనును. పరాయి తల్లి కణములను చేర్చుకొనవు.

తల్లి తాను ఎదుర్కొన్న జబ్బులకే పిల్లలకు రక్ష నీయగలదు. ఈనుటకు రెండు దినముల ముందు సంతలో కొని తోలుకొని వచ్చిన పందికి మీ పాకలోని క్రిములతో పరిచయము లేదు. దాని ముఱ్ఱుపాలు ఎంత చిక్కనివైనను మీ పాకకు సరిపడు రక్ష అందు తక్కువ. చూలుపందిని కొనువారు ఈనుటకు నెల ముందైనను తెచ్చి దానిని ఆ నేలకు అలవాటు చేయవలయును. సంఘము అప్పు మంజూరు చేయునపుడు కూడ ఈ గడువును చూచుట మంచిదని మా మనవి. తొలిచూలు పందులు ముదురు పందులంతటి రక్ష నీయవు. వాని పిల్లలను మఱింత కనిపెట్టవలెను. పిల్లల తెల్లపాఱుడునకు తల్లికి చూలులోనే వేయు టీకాలు కలవు. దొరకుచోట పశువైద్యుని అడిగి వేయించుడు. ఆ టీకా ఫలము ముఱ్ఱుపాల ద్వారమున తప్ప పిల్లకు చేరదు. స్వైన్ ఫీవరు టీకా సంగతి వేఱు: తల్లినుండి వచ్చిన రక్షకములు పిల్ల రక్తములో ఉన్నంతకాలము ఆ టీకాను పనిచేయనీయవు. అందుచేతనే రెండు నెలల వయస్సు వచ్చువఱకు వైద్యులు ఆగుదురు. ముందే వేయలేదని వారిని నిందింపరాదు.

ఈనుటకు ముందు వారము తల్లికి తవుడు కలిపిన మెత్తని మేతయు, ఎప్పుడును తొట్టినిండ నీళ్లును ఉండవలెను. మలబద్ధము పట్టిన పందికి జ్వరమును పొదుగువాపును తఱచు వచ్చును; పాలు నిలిచిపోవును. తల్లి బోర్లపడి పొదుగును దాచుకొనుట, మేత విడుచుట, పొదుగు రాయివలె గట్టిపడి కాలుచుండుట కనబడినచో పసరులతో ఒక్క పూట కూడ పోగొట్టక పశువైద్యుని పిలువుడు. ఒక్క పూటలోనే పిల్లలు చల్లబడును.

ముఱ్ఱుపాలలో లేనిది ఇనుము. పందిపిల్లకు దినమునకు 7 మిల్లీగ్రాముల యినుము కావలెను. తల్లిపాలు ఇచ్చునది సుమారు 1 మిల్లీగ్రాము. మట్టిలో పొర్లాడి త్రవ్వుకొను పిల్లలకు నేలనుండి దొరకును. సిమెంటు నేలపై పెరుగు పిల్లలకు మూడవ దినమున ఇనుపసూది తప్పదు.

కడపట చిన్నదానిమాట. చన్ను పట్టలేని పిల్లకు చేతితో త్రాగింపవచ్చును. పంది ఇంకను ఈనుచుండగనే శుభ్రమైన గిన్నెలోనికి ముందటి చన్నులనుండి కొంచెము పిండుడు. ఆ వేళ సులభముగా వచ్చునని పైన చెప్పితిమి. చెంచాతో గాని, సూది తీసివేసిన సిరంజితో గాని, మాఱునకు 10 మొదలు 15 మిల్లీలీటర్లు, గంటకో రెండు గంటలకో ఒకమాఱు, నాలుకమీద మెల్లగా పోయుడు. పిల్ల మ్రింగుచున్నదని చూచిన పిమ్మటనే తఱువాతి చుక్క. త్వరపడినచో ఊపిరితిత్తులలోనికి పోవును. ఒంటిపై చల్లబడిన పిల్లను ముందు వెచ్చజేసి తఱువాత పోయవలెను. మిగిలిన పాలను చిన్న సీసాలలో పోసి తేదీ వ్రాసి ఫ్రిజ్జులోని మంచు అఱలో గడ్డకట్టించి దాచుకొనవచ్చును. మఱియొక పంది ఈనినపుడు అక్కఱకు వచ్చును. కరగించునపుడు సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచుడు. పొయ్యిమీద పెట్టినచో అది జున్నువలె గడ్డకట్టును, అందలి రక్షకములు చెడిపోవును.